గవదబిళ్లల గొలుసు

నాగేశ్వరమ్మ తన గొలుసు వైద్యం గురించి మొదలుపెట్టిందంటే, తిరువూరు నుంచి బెజవాడ పోయే బస్సు వచ్చి వెళ్లిపోయినా ఆపేది కాదు. కొడుకు సీతారామారావుకి పెళ్లికి ముందటేడు, మీసాలొచ్చిన వయసులో గవదబిళ్లలు వచ్చాయి. దవడలు ఉబ్బితే, ఆవిడ తన మెళ్లోని బంగారు గొలుసు తీసి వాడి మెడలో వేసింది. నాలుగు రోజులకి వాపు కిందికి, చెప్పుకోలేని చోటికి దిగింది. మంచం మీద కాళ్లు దగ్గరికి పెట్టుకోలేక వాడు ఏడ్చాడు. అయినా ఆవిడ డాక్టరును పిలవలేదు. గొలుసే తగ్గించిందని ఊరంతా చెప్పుకుంది. కోడలు సరోజినీదేవి కాపురానికి వచ్చిన రోజు నుంచీ వింటున్న కథే ఇది. పెళ్లిలో పెట్టిన ఆ గొలుసే ఇప్పుడు ఆమె మెడలో ఉంది.

పెళ్లై నాలుగేళ్లయినా పిల్లల్లేరు. నెమలి ఊళ్లోని వేణుగోపాలస్వామికి మొక్కులన్నీ మొక్కడం అయిపోయింది. ఒకరోజు నాగేశ్వరమ్మ కోడల్ని పిలిచి, కొడుకు రెండో పెళ్లికి గంపలగూడెంలో ఒక పిల్లను చూశానని, రేపే తాంబూలాలని చెప్పింది. నలుగురిలో ఇష్టమేనని ఒక్క మాట అంటే చాలట. ఆ గొలుసు కూడా ఇస్తే కొత్త పిల్ల మెళ్లో వేస్తుందట. ఎంత చల్లగా చెప్పిందో మహాతల్లి!

సరోజినికి ఒళ్లు మండింది, కానీ బెదురు లేదు. కిందటి నెలే, పుట్టింటి వంకతో వెళ్లి బెజవాడలో లేడీ డాక్టరుకు చూపించుకుంది. నీలో ఏ లోపమూ కనిపించడం లేదన్న డాక్టరమ్మ, మీ ఆయనకి పెద్దయ్యాక గవదబిళ్లలు వచ్చాయా అని అడిగింది. రోగంతో పోరాడటానికి ఒళ్లు తనలో తాను రాజేసుకునే మంట ఆ సున్నితమైన చోట చేరితే, నొప్పి పోయాక కూడా బిడ్డల్ని కనే శక్తి దెబ్బతినవచ్చని చెప్పింది. అందరికీ అలా కాదని, పరీక్ష చేస్తేనే తేలుతుందని కూడా అంది.

సరోజిని గొలుసు తీసి అత్తగారి చేతిలో పెట్టింది. భర్త వసారాలోనే ఉన్నాడని తెలిసీ గొంతు తగ్గించలేదు.

"ఇది ఆయన మెళ్లో ఉన్నప్పుడే వాపు కిందికి దిగిందని మీరే చెప్పారు అత్తయ్యా. డాక్టరమ్మ అడిగిందీ అదే. ముందు ఆయనకి పరీక్ష చేయించండి. లోపం ఆయనలో లేదంటే, నలుగురిలో ఆ మాట నేనే అంటాను."

మగాడికి పరీక్షేంటని నాగేశ్వరమ్మ ఇల్లు పీకి పందిరేసింది. సీతారామారావు లోపలికి వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఆ నొప్పి నేను మర్చిపోలేదమ్మా. రేపు నేను బెజవాడ వెళ్తాను," అన్నాడు.

గంపలగూడెం ప్రయాణం ఆగిపోయింది. బిడ్డల్ని కనడానికి కావలసిన కణాలు అతనిలో దాదాపు లేవని పరీక్షలో తేలింది. ఆ సంగతి తల్లికి అతనే చెప్పాడు. ఆవిడ గొలుసు పట్టుకుని వంటింటి గుమ్మంలో కూలబడింది, అన్నం ముట్టలేదు. సరోజినికి జాలేసింది. పళ్లెం తీసుకెళ్లి పక్కన కూర్చుని తినిపించింది.

ఆ ఆదివారం పక్కింటి ప్రమీలారాణి వచ్చి, కొత్త కోడలు ఎప్పుడొస్తుందని నవ్వుతూ అడిగింది. నాగేశ్వరమ్మ సరోజినిని పిలిచి, గొలుసు తిరిగి ఆమె మెడలో వేసింది. తర్వాత ఆ పాత కథే మొదట్నించీ చెప్పింది. గొలుసే తగ్గించిందన్న చోట మాత్రం ఆగలేదు.

"డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సింది పోయి గొలుసేసి కూర్చున్నాను. లోపం మావాడిలో ఉంది, ఈ పిల్లలో లేదు. వీధిలో ఎవరడిగినా ఇదే చెప్పు ప్రమీలా, నేను చెప్పానని చెప్పు."