సూత్రప్రాయంగా అమ్మిన బేకరీ

మేము బేకరీ అమ్మేసి చాలా నెలలైంది. కొన్నవాళ్లు మాత్రం ఇంకా కొనలేదు.

ఇదెక్కడి విడ్డూరమని నన్నడిగి లాభం లేదు, ఆ కంపెనీ తరఫున మా కొట్టుకు వచ్చే మనిషిని అడగాలి. అతనికో పేరుంది, కార్డు మీద అచ్చయి కూడా ఉంది. మా ఇంట్లో మాత్రం అతన్ని సూత్రప్రాయం అనే అంటాం. నోరు తెరిస్తే "సూత్రప్రాయంగా మాకు ఓకే మేడం" అంటాడు. ధర సూత్రప్రాయంగా ఓకే, స్థలం సూత్రప్రాయంగా ఓకే. మంచినీళ్లు కూడా అలాగే తాగుతాడేమోనని ఒకసారి గ్లాసు చేతికిచ్చి చూశాను. నీళ్లు మాత్రం నిజంగానే తాగాడు.

అమ్మకానికి పెట్టింది మా ఆయన దగ్గు కోసం. చిన్నప్పటి నుంచి పిండి దుమ్ములో, బట్టీ వేడిలో బతికిన మనిషి. దగ్గు మొదలైతే గోడ పట్టుకుని నిలబడాల్సిందే. "బట్టీ కావాలో ఊపిరితిత్తులు కావాలో తేల్చుకోండి" అన్నాడు డాక్టరు. మా ఆయన ముఖం చూస్తే బట్టీ వైపే మొగ్గేలా ఉన్నాడు. నేనే ఇంట్లో రోజూ పోరు పెట్టి ఒప్పించాను. కట్టడం నా పేరు మీద ఉంది కాబట్టి సంతకం నాదే. కానీ ఆయన తలాడించనిదే నేను పెన్ను ముట్టుకోను.

సూత్రప్రాయం తెచ్చిన మొదటి కాగితం పేరు ప్రాథమిక అవగాహన పత్రం. అసలు అగ్రిమెంటు తర్వాత వస్తుందట, ఇది దానికి ముందు మాట్లాడుకున్నది రాసుకోవడమట. బన్నుల ట్రేల పక్కన నిలబడి పైకి చదివాను. ఈ పత్రం ఉభయుల్లో ఎవరినీ అమ్మకానికి గానీ కొనుగోలుకు గానీ కట్టుబడి ఉంచదని మొదటి పేజీలో ఉంది. రెండో పేజీలో, గడువు తీరేదాకా మేము ఇంకెవరితోనూ బేరం మాట్లాడకూడదని, కట్టడంలో మార్పులూ మరమ్మతులూ చేయకూడదని, వాళ్ల మనుషులు తనిఖీకి వస్తే ఒప్పుకోవాలని ఉంది.

"ఎవరినీ కట్టదంటూనే మనల్ని కట్టేశారు కదండీ" అన్నాను.

"నీకన్నీ అనుమానాలే. వాళ్లు కావాలన్నారు, మనం ఇస్తామన్నాం. ఇంకేం కావాలి?" అన్నాడు మా ఆయన.

ఆయన తప్పు కూడా కాదు. మా పనిలో సాయంత్రం ఎవరో ఫోన్ చేసి రేపటికి ఇన్ని బన్నులు కావాలంటారు, ఈయన పిండి కలిపేస్తాడు. కలిపిన పిండిని మళ్లీ విడదీయలేం కాబట్టి, అడిగినవాళ్లు వచ్చి తీరతారనే నమ్మకం మీద ఇల్లు గడిచింది. అడిగి రానివాళ్లు ఉంటారని ఆయనకు తోచదు. సంతకమైన మర్నాడే, మా దగ్గర బ్రెడ్డు తీసుకునే కొట్లవాళ్లందరికీ తనే ఫోన్లు చేసి, ఇకమీదట పక్క వీధి బేకరీలో చెప్పుకోండి, మా వల్ల మీరు ఇబ్బంది పడకూడదు అన్నాడు. నేను తల పట్టుకున్నాను.

తర్వాత తనిఖీ వాళ్లొచ్చారు. బట్టీ లోపల కొలతలు కావాలన్నారు. మా బట్టీ చిన్న గదంత ఉంటుంది, అంతా ఇటుక. మా మామగారి కాలం నుంచి చల్లారింది లేదు. సెలవు రోజుల్లో కూడా నిప్పుల మీద బూడిద కప్పి, తలుపు మూసి ఉంచేవాళ్లు. అలాంటిదాన్ని ఆర్పాలంటే తలుపు మూసే ఉంచి, దాని మానాన దాన్ని మెల్లగా చల్లారనివ్వాలి. వాళ్లకు అంత ఓపిక లేదు. తలుపు బార్లా తెరిచి, నిలువెత్తు ఫ్యాన్లు తెచ్చి ఎదురుగా పెట్టారు. మామూలు రోజుల్లో ఆ తలుపు కాస్త ఓరగా వదిలితే చాలు, మా ఆయన రొట్టెలు తీసే పొడవాటి చెక్క పట్టుకుని వెంటపడేవాడు. ఆ రోజు ఫ్యాన్ల కోసం ప్లగ్గు ఎక్కడుందో తనే చూపించాడు.

"ఏంటండీ ఇది?" అని చెయ్యి పట్టుకుని లాగాను.

"వాళ్ల బట్టీ, వాళ్లిష్టం" అన్నాడు.

మర్నాడు చూస్తే లోపలి కప్పు ఈ చివర నుంచి ఆ చివరకు పగిలి ఉంది. తనిఖీ వాళ్లు ఆ పగులును కూడా శ్రద్ధగా కొలుచుకుని వెళ్లారు. ఆ తర్వాత వాళ్ల పెద్ద మేనేజరు మారాడన్నారు. కొత్తాయన ఫైలు మొదటి నుంచి చూస్తున్నాడన్నారు. వాళ్లు మీనమేషాలు లెక్కపెడుతుంటే, గడువు తీరినప్పుడల్లా సూత్రప్రాయం పొడిగింపు కాగితం తేవడం, ఈయన తలాడించడం, నేను సంతకం పెట్టడం. ఫ్యాన్ల సంగతి అడిగితే, తనిఖీకి మీరు ఒప్పుకున్నారు కదా మేడం అన్నాడు. అలిసిపోయి నేను పోట్లాడటం కూడా మానేశాను.

ఇప్పుడు పక్క వీధి బ్రెడ్డే తెచ్చి మా కొట్లో అమ్ముతున్నాం. ఈమధ్య రుచి మారిందేమిటని పాతవాళ్లు అడుగుతారు. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఒక్కటి మాత్రం పైకి చెప్పలేదు. బట్టీ చల్లారాక మా ఆయన దగ్గు తగ్గింది. పెళ్లయిన దగ్గర్నుంచి తెల్లారేసరికి పక్కన ఆయన ఉండగా నేనెప్పుడూ చూడలేదు. ఇప్పుడు ఎండ ముఖం మీద పడేదాకా నోరు తెరిచి నిద్రపోతున్నాడు. లేవకుండా పక్కనే పడుకుని ఆ ఊపిరి వింటుంటాను. పోయిన వ్యాపారం కోసం ఏడవాల్సిన దాన్ని, సంతోషపడుతున్నాను.

ఆయనకు ఆ సంతోషం లేదు. నిన్న బట్టీ మేస్త్రీని పిలిపించాడు. మేస్త్రీ ఇటుకలు తట్టి చూసి, గోడలు గట్టిగానే ఉన్నాయి, కప్పు దించి మళ్లీ కట్టొచ్చన్నాడు. మా ఆయన ముఖంలోకి కళ వచ్చేసింది. "గడువు రేపటితో సరి. ఎల్లుండే మొదలుపెట్టు" అన్నాడు.

"మరి మీ ఊపిరితిత్తులు?" అన్నాను.

"వాటికలవాటే."

ఇవాళ సూత్రప్రాయం మళ్లీ కాగితం పట్టుకొచ్చాడు. చెమటతో చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. వాళ్ల ఆఫీసు మెట్లు ఎక్కడం, మా మెట్లు దిగడం, అతని బతుకూ అంతే కాబోలు.

"సూత్రప్రాయంగా అంతా ఓకే సార్. ఇంకొక్క పొడిగింపు" అన్నాడు.

మా ఆయన కుర్చీలోంచి లేచాడు. "చాలించవయ్యా! బన్ను కొంటావా, నొక్కి చూసి పోతావా? ఇన్నాళ్లూ నొక్కింది చాలు. ఎల్లుండి మేస్త్రీ వస్తున్నాడు, నా బట్టీ నేను వెలిగించుకుంటాను. వెళ్లు!"

ఆ కోపం కోసం నెలల తరబడి ఎదురుచూశాను. తీరా అది వచ్చాక, అరిచిన అరుపుకు ఆయనకు దగ్గు ఎగదన్నుకొచ్చి, గోడ పట్టుకున్నాడు.

"బాబూ, నిజం చెప్పు. మీవాళ్లు కొంటారా?" అని అడిగాను.

అతను కాగితం బల్ల మీద పెట్టాడు. "నాకు తెలీదు మేడం. సంతకం తెమ్మన్నారు, అంతే."

"మరమ్మతులు చేయకూడదన్న మాట ఇందులో కూడా ఉందా?"

"ఉంది మేడం. అది తీసేయమంటే అడిగి చూస్తాను."

"తీయొద్దు. పెన్నివ్వు."

ఆయన తలాడించకుండానే, మొదటిసారి, సంతకం పెట్టాను.

"ఏం చేస్తున్నావే? వాళ్లు కొనరే!" అన్నాడు మా ఆయన, దగ్గు మధ్యలో.

"తెలుసు" అన్నాను.

ఆయన గోడ వదిలాడు. తర్వాత లోపలికి వెళ్లి, మేస్త్రీకి ఫోన్ చేసి, ఎల్లుండి రావద్దని చెప్పాడు.