వంటింటి గరాటు

“మళ్ళీ నా గరాటే దొరికిందా జుహురా నాన్నా? నిన్న మాండాజీలు వేయిస్తుంటే వంటిల్లంతా మీ గేరు నూనె కంపు!”

“కడిగే పెట్టాను కదే.”

“కడిగితే పోయే వాసనా అది? ఎన్నిసార్లు నూనె మార్చినా ఆ బండి మళ్ళీ మాడుతూనే ఉంది. జుహురా పచ్చి బాలింత. దాన్ని షెకిఫు బస్సులో తీసుకురమ్మంటే వినరేం?”

“నా మనవరాలు ఈ ఇంటికొచ్చేది నా బండిలోనే” అంటూ మ్బేలువా బానెట్ దించాడు.

చిన్నప్పటి జబ్బుకి అతని ఎడమకాలు సన్నగా చెరుకుగడలా మిగిలింది. క్లచ్ తొక్కే బలం దానికి లేదు. అందుకే టాంగా రేవులో దిగిన పాత కార్లలో, గేర్లు దానంతటదే మార్చుకునేది టాక్సీకని వెతికి కొన్నాడు. లుషోటో కొండకి ఆటోమేటిక్ ఏమిటని స్టాండులో డ్రైవర్లు నవ్వారు. “నాకొక కాలు తక్కువ, దానికొక క్లచ్ తక్కువ. ఇద్దరికీ జోడీ కుదిరింది” అన్నాడతను. కొండమీద సగం కాన్పులు ఆ వెనక సీటు ఎక్కి ఆసుపత్రికి దిగినవే.

ఇప్పుడు మలుపులు మొదలవగానే గేరుబాక్సు కాగిపోతోంది. ప్రయాణికులు దిగి నడుస్తారు. బండి చల్లారాక పైన కలుసుకుంటారు. అలవాటైపోయింది.

జుహురా నడవలేదు. కడుపు కోసి బిడ్డను తీశారు. నలభై రోజులు పుట్టింట్లో ఉండడానికి వస్తోంది.

ఆసుపత్రి నుంచి ఎక్కి వస్తుంటే జలపాతం మలుపులో మాడిన వాసన లేచింది. ఇంజను అరిచింది గాని చక్రాలు కదలలేదు. బండి వెనక్కి జారింది. మ్బేలువా కుడికాలితో బ్రేకు నొక్కిపట్టాడు. వెనక లోయ. అద్దంలో చూశాడు. కూతురు రెండు చేతులతో బిడ్డను గుండెకి అదుముకుంది.

అద్దంలో కళ్ళు కలవగానే నవ్వింది. “ఇక్కడ గాలి బాగుంది నాన్నా. కాసేపు ఆగుదాం.”

అతను హ్యాండ్‌బ్రేకు లాగి, దిగి చక్రాల కింద రాళ్ళు పెట్టాడు. నూనె మట్టం చూసే కొలపుల్ల తీసి గుడ్డకి తుడిచాడు. పొద్దున పోసిన ఎర్రటి నూనె కాఫీ కషాయంలా నల్లబడింది. ఎదురుచూసి, షెకిఫు బస్సుకి తనే చెయ్యెత్తాడు.

“ఏం పెద్దాయనా, మీ రాణిగారు అలిగారా?” అన్నాడు షెకిఫు.

“అలగలేదురా, అలిసిపోయింది.” అతను తల్లీబిడ్డల్ని బస్సు ఎక్కించాడు. “ నెమ్మదిగా పోనీ, లోపల నా మనవరాలుంది.”

చల్లారిన ఖాళీ బండితో అతను సాయంత్రానికి ఇల్లు చేరాడు. గరాటును బూడిదతో రుద్ది రుద్ది కడిగాడు. అందరూ మొక్కజొన్న ఉగాలీ ముద్ద పెట్టిన పళ్ళెం చుట్టూ కూర్చున్నాక మెల్లిగా చెప్పాడు. “రేపు కింది నుంచి పాత ఇనప సామాన్లవాళ్ళు వస్తారు. బండిని విప్పి పట్టుకెళ్తారు.”

చేతులన్నీ పళ్ళెంలోనే ఆగిపోయాయి. “మరి నువ్వేం చేస్తావురా?” అంది అతని తల్లి.

“స్టాండులో కేకేసి బస్సులు నింపుతానమ్మా. గొంతుకి క్లచ్ అక్కర్లేదుగా.”

మ్వానాయిది చేప తలకాయ తీసి మొగుడి వైపు పెట్టింది. పొయ్యి పక్కన, మేకుకి గరాటు వేలాడుతోంది. ఎంత కడిగినా వదలని ఎర్రటి చుక్క ఒకటి దాని మూతి దగ్గర నిలిచి ఉంది.