మేనేజరు వాటా

గెల నిండుగా ఉంది, కాయలు మాత్రం కాస్త వంకర. అంతే, లేవియా చేతుల మీదుగానే అది ముక్కలు చేసే యంత్రంలోకి పోయి, అక్కణ్ణుంచి గోతిలో పడింది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ అరటి తోటల్లో రోజూ ఇదే తంతు. కొనే కంపెనీవాళ్లకు అందమైన కాయే కావాలట. ఆకలికి అందంతో ఏం పని?

సముద్రానికి అవతల వనువాటులో, లేవియా పుట్టిన దీవిలో, తుఫాను ఒక్క అరటిచెట్టునూ నిలవనివ్వలేదు. ఓడలో బియ్యం వస్తాయన్నారు, రాలేదు. ఉన్న ముద్ద మనవలకు పెట్టి పెట్టి ఆమె తల్లి కన్నుమూసింది. మట్టి చేయడానికి వచ్చినవాళ్లకు పెట్టడానికి ఇంట్లో ఏమీ లేదని ఫోనులో చెప్పారు. మా వనువాటు జనానికి అంతకన్నా తలవంపు లేదు.

"ఏడవకక్కా," అన్నాడు పిన్ని కొడుకు కల్తక్. "అక్కడ పెట్టలేకపోయాం. ఇక్కడ పెడదాం. గోతి నిండా తిండే కదా."

పట్టపగలే, యంత్రానికి చిక్కకుండా గోతి ఒడ్డున పడ్డ పచ్చికాయలు ఏరుకొచ్చాడు. ఆడవాళ్లు తురిమి, ఆకుల్లో చుట్టి, కాల్చిన రాళ్ల మధ్య లాప్‌లాప్ వండారు. ఎవరి నేల మీద వండితే తొలి వాటా వాళ్లదని మా ఆచారం. పిచ్చివాడు, ఎవరూ ముద్ద ముట్టకముందే ఒక ఆకుపొట్లం తీసుకెళ్లి మేనేజరు చేతిలో పెట్టాడు.

"కాయలెక్కడివి?"

"గోతిలోవి, దొరా."

"అంటే దొంగతనం." పొట్లం చెత్తబుట్టలో పడింది. మర్నాడే కల్తక్‌ను విమానం ఎక్కిస్తామన్నారు.

ఆ సాయంత్రం కూలీల షెడ్డు ముందు ఒకటే రగడ. "దొరదే తీసి దొరకే పెట్టొచ్చాడు, వీడి తెలివి తెల్లారినట్టే ఉంది," అన్నాడు ముసలి కలోరిబ్. "ఇక నోరు మూసుకోండి. మన వీసాలన్నా మిగుల్తాయి."

లేవియా లేచింది. "పారేసింది తింటే దొంగతనమా, మావయ్యా? అక్కడ మా అమ్మ పస్తులుండి పోయింది. ఇక్కడ ఆ గొయ్యి నింపింది నా చేతులే. ఇక నావల్ల కాదు."

కలోరిబ్ కళ్లు తుడుచుకుని, "రాళ్లు కాల్చండ్రా," అన్నాడు.

తెల్లారాక కాయలు ఏరే బెల్టు దగ్గరికి ఒక్కరూ పోలేదు. వరసగా వచ్చి మేనేజరు గుమ్మంలో తలా ఒక పొట్లం పెట్టారు. "మీ వాటా తెచ్చాం దొరా. గోతిలోదే మేమూ తిన్నాం. పంపితే అందర్నీ పంపండి." మేనేజరు ఒక పొట్లాన్ని కాలితో తన్నాడు. కలోరిబ్ వంగి, మట్టి దులిపి, మళ్లీ అక్కడే పెట్టాడు.

కల్తక్‌ను వ్యాను ఎక్కించుకుని పోనే పోయారు. అయినా ఎవరూ కదల్లేదు. లారీలు ఖాళీగా నిలబడ్డాయి.

మేనేజరు పిలిపించిన పోలీసు కుర్రాడు జీపు దిగి, "మీ నాయకుడెవరు?" అని అడిగాడు.

లేవియా అతని చేతిలో పొట్లం పెట్టింది. "ముందు తిను నాయనా, అది తర్వాత చూద్దాం. ఇవాళ మా అమ్మ దినం. వచ్చినవాళ్లెవరూ ఖాళీ కడుపుతో పోకూడదు."