వదులు

అల్లుడి మీదికి కారు దించినవాడు మామగారేనని ఆ ఇంట్లో ఖాయమైపోయింది. ముప్ఫై ఒక్క ఏళ్లు బస్సు డిపోలో ఫిట్టరుగా పనిచేసి, తన చేతికింద ఒక్కడి గోరు కూడా నలగనివ్వని మనిషికి, భార్య పోయి కూతురింట చేరిన రెండో ఏట దక్కిన పేరు అది. ఆయనకు వేరే ఆస్తి లేదు. ఉన్నదల్లా పనిమంతుడన్న పేరే.

జరిగింది ఆదివారం పొద్దున. కారు కింద సైలెన్సరు గడగడమంటోంది. అల్లుడు వాహన బీమా ఆఫీసులో అధికారి, ప్రమాదాల గురించి పదిమందికీ జాగ్రత్తలు చెప్పే ఉద్యోగం. ఫోనులో తొమ్మిది నిమిషాల వీడియో చూశాడు, పదో నిమిషానికి మెకానిక్కయ్యాడు. కొత్త జాకీతో కారు వెనక భాగం ఎత్తి, షెడ్డు నేల మీద గోనెపట్టా పరిచాడు.

"స్టాండ్లేవి అల్లుడుగారూ?" అన్నాడు ఫిట్టరు.

"ఎందుకు మామయ్యగారూ? ఈ జాకీ మూడు టన్నులు మోస్తుంది. కారు టన్నున్నర కూడా లేదు. చిన్న లెక్కేగా."

"జాకీ ఉన్నది ఎత్తడానికి, మోయడానికి కాదు. ఆఫీసులో మిమ్మల్ని ఆకాశానికి ఎత్తేసేవాళ్లంతా రేపు అవసరానికి మోస్తారా?"

"అంత అనుమానమైతే రెండు ఇటుకలు పెడదాం లెండి."

"ఇటుక చెప్పి పగలదు. చక్రాలకి అడ్డం ఏం పెట్టారు?"

"హ్యాండ్ బ్రేకు వేశానుగా."

"అది పట్టేది వెనక చక్రాల్ని. అవి గాల్లో ఉన్నాయి."

అల్లుడు ఆ మాట విననట్టే వెల్లకిలా పడుకుని లోపలికి జరిగాడు. కాళ్లు మాత్రం బయట మిగిలాయి. "నువ్వు జాకీ దగ్గర నిలబడు. పిడి తిప్పితే కారు దిగుతుంది. చెప్పినట్టు చెయ్యి," అని పెళ్లానికి పురమాయించాడు. చెప్పినట్టు చెయ్యడంలో ఆమెను మించినవాళ్లు లేరు. పెళ్లయిన పదకొండేళ్లలో ఆ ఇంట్లో ఆమెకు నేర్పిన విద్య అదొక్కటే.

ఇనప స్టాండ్లు ఫిట్టరుకు లేకపోలేదు. డిపో నుంచి వచ్చేటప్పుడు తెచ్చుకున్నవి రెండున్నాయి. వాటి మీద వియ్యపురాలు వసారాలో పూలకుండీలు పెట్టుకుంది. ఆయన వెళ్లి కుండీలు కిందకి దించి, స్టాండ్లు ఈడ్చుకొచ్చాడు. ఆమె వెనకాలే వచ్చింది.

"అన్నయ్యగారూ, అవి నా కుండీలవండీ."

"కుండీలు కాసేపు నేల మీదున్నా చావవు చెల్లెమ్మా. మీ అబ్బాయి సంగతి అలా కాదు."

ఆమె మూతి ముడుచుకుని కుండీల దగ్గరికి తిరిగి వెళ్లిపోయింది. ఫిట్టరు ముందు చక్రాలకు అటూ ఇటూ చెక్కముక్కలు బిగించాడు. కారు అడుగున గట్టి అంచు చూసి, చెరోవైపు స్టాండు నిలబెట్టి, పిన్ను దూర్చాడు. స్టాండుకూ కారుకూ మధ్య రెండు వేళ్ల ఖాళీ.

"ఒకసారి బయటికి రండి. కారుని వీటి మీద కూచోబెడతాను."

"ఒక్క నిమిషం. బోల్టు దొరికింది."

"దొరికితే లూజు అనండి, టైటు అనండి. ఆ ఇంకో మాట మాత్రం కారు కింద అనకండి. మా డిపోలో అన్నవాణ్ణి వారం రోజులు బయట కూచోబెట్టేవాళ్లం."

ఆ మాట తనూ పలకలేదు. కూతురి చెయ్యి జాకీ పిడి మీదే ఉంది.

కారు కింద నవ్వు వినిపించింది. "మీ డిపోలో మాటలకి కూడా తాళాలేనా మామయ్యగారూ?"

తర్వాత స్పానరు తగిలిన చప్పుడు. ఆ వెంటనే, గొప్ప రహస్యం కనిపెట్టినవాడిలా అల్లుడి గొంతు: "వదులు. పూర్తిగా వదులు."

అతను చెప్పింది బోల్టు సంగతి. ఆమెకు వినబడింది ఆజ్ఞ. పిడి తిప్పేసింది.

కారు రెండు వేళ్లు దిగి స్టాండ్ల మీద ధన్‌మని కూచుంది. సైలెన్సరు అల్లుడి ముక్కుకు మసి పూసి ఆగిపోయింది. బీమా అధికారి "అమ్మా" అని పెట్టిన కేకకు అమ్మ వసారాలోంచి పరుగెత్తుకొచ్చింది.

ఈలోగా ఫిట్టరు కూతుర్ని పక్కకు నెట్టి, పిడి వెనక్కి తిప్పి బిగించి, జాకీ కొట్టి కారు మళ్లీ లేపాడు. అల్లుడు పాక్కుంటూ బయటపడ్డాడు. తలెత్తి చూసేసరికి పిడి మామగారి చేతిలో ఉంది.

"నేను లోపలుండగా దించుతారా?"

ఫిట్టరు కూతురి వంక చూశాడు. ఆమె అత్తగారి వంక చూసింది. అత్తగారు కొడుకు ముక్కు వంక చూసింది. స్టాండ్ల వంక ఎవరూ చూడలేదు. కూతురు నోరు తెరుస్తుందని ఆయన ఆగాడు. ఆగినంతసేపూ ఒప్పుకున్నట్టే లెక్కయింది.

"చెవులు పోయాయి పాపం," అంది వియ్యపురాలు.

మర్నాడు చెవుల డాక్టరుకు చూపించారు. ఈ వయసులో ఇంత మంచి చెవులు తను చూడలేదన్నాడు డాక్టరు. దాంతో పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది.

"చెవులు బాగున్నాయంటే మరి..." అని ఆగిపోయింది వియ్యపురాలు. ఆ సాయంత్రం నుంచి కూరగాయల కత్తి లోపలి అలమరలోకి మారింది. అల్లుడు మాత్రం, జాకీ నాణ్యమైనది కావడంవల్లే బతికిపోయానని ఆఫీసులో చెప్పుకున్నాడు.

వారం గడిచాక, పెరట్లో బట్టలారేసుకుంటున్న తండ్రి దగ్గరికి కూతురొచ్చింది.

"నాన్నా, తిప్పింది నేనేనని ఇవాళ చెప్పేస్తాను."

"ఆ రోజు నోరేమైంది?"

"భయమేసింది. నిన్నయితే ఏమంటార్లే అనుకున్నా."

"ఏమన్నారో విన్నావుగా."

ఆమె ఏడ్చింది. ఆయన తడి చొక్కా దులిపి తీగ మీద వేశాడు. కత్తి దాచినావిడ రేపు కోడలి దగ్గర ఏమేం దాస్తుందో ఆయన ఊహించగలడు.

"చెప్పకు. ఈ ఇంట్లో నువ్వింకా నలభై ఏళ్లు బతకాలి. నాకంత పని లేదు."

"మరి నీ పేరు?"

"అది నీకు ఆదివారం గుర్తు రావాల్సింది."

"నా మీద కోపం పోదా నాన్నా?"

"పోదు. ఈ సంగతి నా దగ్గర మళ్లీ ఎత్తకు. నేనూ చచ్చేదాకా ఎవరి దగ్గరా ఎత్తను. ఆ బకెట్టు ఇటివ్వు."