తెలిసినదే ముందు అడగాలి

ముక్కూ మొహం తెలియనివాడు రాసిన మాటను నేను ఎందుకు నమ్మాలి? తర్కశాస్త్రం చదువుకున్న రోజుల నుంచీ ఈ ప్రశ్న వేసుకుంటూనే ఉన్నాను. కళ్లతో చూసినది ఒక ప్రమాణం, చూసినదాన్ని బట్టి ఊహించినది ఒకటి, ఆప్తుడు చెప్పినది మరొకటి. ఆప్తుడంటే విషయం తెలిసినవాడు, తెలిసినది దాచనివాడు, చెప్పడం వల్ల తనకు లాభం కోరనివాడు. నిర్వచనం చక్కగానే ఉంది. అయితే ఆ శనివారం మధ్యాహ్నం మాదాపూర్‌లోని మా ఆఫీసులో, ఇంటర్నెట్ ఉన్న ఒకే ఒక్క కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు, అది నన్ను ఎంతో దూరం నడిపించలేదు. తెర మీద ఆప్తులు పన్నెండు వేలమంది ఉన్నారు.

అమెరికా డాక్టర్లు చెప్పిన మాటలను విని టైపు చేసి పంపే సంస్థ మాది. టైపు అయినవాటిలో తప్పులు దిద్దడం నా ఉద్యోగం. గర్భాశయాన్ని తొలగించే ఆపరేషనుకు ఇంగ్లీషులో ఉన్న పేరును రోజుకు పదిసార్లయినా దిద్దేవాణ్ణి. ఆ మాట మా ఇంట్లోకి వచ్చాక తెలిసింది, నాకు దాని అక్షరాలు తప్ప మరేమీ తెలియదని.

నా భార్య వాసంతికి నలభై నాలుగేళ్లు. ఆరు నెలలుగా నెలసరి గాడి తప్పి, రక్తస్రావం ఎక్కువైంది. మా ఇంటి దగ్గరి నర్సింగ్ హోమ్ డాక్టరు పొట్ట మీద చెయ్యి వేసి చూసి, గర్భసంచి తీసేయాలన్నాడు. ఆలస్యం చేస్తే క్యాన్సరు కావచ్చన్నాడు. సోమవారం ఉదయం వచ్చి చేరమన్నాడు. తీయకుండా వేరే దారి లేదా అని వాసంతి అడిగితే, "పిల్లలు పుట్టేశారుగా అమ్మా, ఇంకెందుకది?" అన్నాడు.   మా చేతిలో ఉన్నది ఒకటిన్నర రోజు.

"ఏవండీ, ఆ తెర ఇటు తిప్పండి. గోడ చదువుతుందా?" అంది వాసంతి.

"ఎవరైనా వస్తే బాగుండదు."

"శనివారం ఎవరొస్తారు? అయినా అది నా పొట్టండీ, మీ ఆఫీసు రహస్యం కాదు."

తిప్పాను. మొదటి పుటలో నవ్వుతున్న ఒక స్త్రీ బొమ్మ నుదుటి నుంచి గడ్డం దాకా మెల్లగా తెర మీదికి దిగివచ్చింది. ఆమె చేతిలో మందు సీసా ఉంది. లాభం కోరేవాడు ఆప్తుడు కాడు కనుక ఆ పుటను మూసేశాను. నా శాస్త్రానికి అది తొలి విజయం. అదే చివరిది కూడా. తక్కినవాళ్లెవరూ ఏమీ అమ్మడం లేదు. అందరూ డాక్టర్లమనే అంటున్నారు. ఒకరు చెప్పినది మరొకరు చెప్పడం లేదు.

వాసంతికి ఇంగ్లీషు వచ్చుగానీ కంప్యూటరు కొత్త. అందుకని నేను చదివి తెలుగులో చెబుతున్నాను. ఇబ్బందిగా ఉన్నచోట కొంత దాటేశాను. భయపెట్టేచోట మరికొంత దాటేశాను.

"ఆగండి," అంది. "ఆ పేరా జానెడుంది. మీరు రెండు ముక్కలు చెప్పారు."

"సారాంశం చెప్పాను."

"నా ఒంటికి సారాంశం ఏమిటండీ? జరగండి."

కళ్లజోడు పెట్టుకుని నా కుర్చీలో కూర్చుంది. తెలిసినది దాచనివాడు ఆప్తుడు అని చదివిన నేను, పక్కనున్న చెక్క కుర్చీలోకి మారాను.

అప్పటికి ఈరమ్మ గచ్చు తుడుస్తూ మా గది దాకా వచ్చింది. మా ఆఫీసులో శుభ్రం చేసే మనిషి. పాలమూరు వైపు నుంచి వచ్చి హఫీజ్‌పేట్‌లో ఉంటోంది.

"ఏం జూస్తున్నరమ్మా గంత సీరియస్‌గ?"

నేను గొంతు సవరించుకునే లోపలే వాసంతి చెప్పేసింది. "గర్భసంచి గురించి. నాకు తీసేయాలంటున్నారు."

"నాకు తీసిన్రు గద! ఇరవై తొమ్మిదేండ్లకే. నడుం నొస్తుందని పోతే సంచి తీసి పంపిన్రు. నడుం ఇప్పటికీ నొస్తనే ఉంది." తుడుపుగుడ్డ బకెట్‌లో వేసి తెర వైపు వంగింది. "గీ డబ్బల రాసిందంత నిజమేనా?"

"అదే తేలడం లేదు ఈరమ్మా. ఒక్కొక్కడు ఒక్కో మాట చెబుతున్నాడు."

"గందుకు పరేషాన్ ఎందుకు? సోది చెప్పేటామె ఇంటి ముందలికి వస్తే మేమేం జేస్తం? ముందుగాల అయిపోయిన ముచ్చట అడుగుతం. అది సక్కగ జెప్తేనే రాబోయేది అడుగుతం. తప్పు జెప్పిందా, నీళ్లు తాగిచ్చి తోలిస్తం."

"దీన్నేమడగాలి మరి?"

"తీసినంక ఏమైతదో అడుగమ్మా. నాకు అయింది గద. ఎవడు అబద్ధం జెప్పినా దొరుకుతడు."

తెలిసినచోట పరీక్షించి, తెలియనిచోట నమ్మడం. నేను చదివిన శాస్త్రంలోనూ ఈ మాట ఉండే ఉంటుంది. ఆ పుటను నేను పరీక్ష పాసవడానికి చదివి ఉంటాను.

వాసంతి ఒక సర్జను పుట తెరిచింది. "ఆరు వారాల్లో కొత్త జీవితం. ఆ తర్వాత ఏ బాధా ఉండదు, అంటున్నాడు."

"వానికి సంచి ఉన్నదా తీసేటందుకు? మూసెయ్యమ్మా."

తర్వాతి పుటలో ఊదా రంగు మీద పువ్వులు గిరగిరా తిరుగుతున్నాయి. ఎవరో ఒకావిడ తన గోడు రాసుకుంది. "ఆపరేషనైతే మతి పోతుందట. మొగుడు వదిలేసి వెళ్లిపోతాడట."

ఈరమ్మ పడీ పడీ నవ్వింది. "యాడికి పోతడమ్మా! నేను ఎంత తరిమినా పోతలేడు."

అలా ఏడెనిమిది తోలేశాక ఒక పుట వచ్చింది. బొమ్మలు లేవు, రంగులు లేవు. ఏదో వైద్య కళాశాల గ్రంథాలయం పెట్టినది. రాసినవారి పేర్లు, సరిచూసిన తేదీ కింద ఉన్నాయి. ఒకచోట 'ఈ సంగతి మాకు ఇంకా తెలియదు' అని కూడా ఉంది. ఆ ఒక్క వాక్యం కోసం నేను వాళ్లను నమ్మేవాణ్ణే. వాసంతి మాత్రం పరీక్ష మానలేదు.

"గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీస్తే, ముట్లుడిగిన లక్షణాలు వెంటనే మొదలవుతాయట. ఒంట్లోంచి ఆవిర్లు వస్తాయి. నిద్ర పట్టదు. ఏళ్లు గడిచేకొద్దీ ఎముకలు పలచబడతాయి."

ఈరమ్మ నవ్వడం ఆపింది.

"ఆవిర్లా? పొయ్యి మింగినట్టు ఉంటది, గదేనా?"

"అదే."

"అందరు ఎండకాలం అన్నరమ్మా. పన్నెండేండ్ల సంది ఎండకాలమేనా అని నేననుకుంట ఉన్న." తెరను చేత్తో తాకబోయి, తడి చెయ్యి కొంగుకు తుడుచుకుంది. "గిది సక్కగ జెప్పింది. ఇగ నీది అడుగు."

వాసంతి చదివింది. ఈసారి ఒక్క మాటా దాటలేదు. ఈ వయసులో ఇటువంటి రక్తస్రావం చాలామందికి క్యాన్సరు కాదు. కాదన్నది పరీక్షలతో తేల్చుకోవాలి గాని ఉపేక్షించకూడదు. రక్తపరీక్ష, స్కానింగు, అవసరమైతే లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి చూడడం. చాలామందికి మందులతోనే తగ్గుతుంది. ఆపరేషను కూడా ఒక దారే. అది మొదటి దారి కానక్కర్లేదు.

"నాకు వీటిలో ఏ పరీక్షా చెయ్యలేదు," అంది వాసంతి.

"నాకు అవి గూడ తీసిన్రా అమ్మా? అండాలు?" అంది ఈరమ్మ అదే సమయంలో. "ఎవరు జెప్పాలె నాకు?"

నేను ఏదో చెప్పబోయాను. అనిశ్చితిలో నిర్ణయమంటే ఏమిటన్న దాని గురించి అనుకుంటాను. అప్పటికే వాసంతి ఫోను అందుకుంది.

"నమస్కారమండీ. సోమవారం నేను రావడం లేదు... భయం కాదండీ. ముందు పరీక్షలు చేయించుకుంటాను... ఎక్కడైతే మీకెందుకండీ? ఉంటాను."

పెట్టేసి ఈరమ్మ వైపు తిరిగింది. "ఆపరేషను కాగితం ఉందా నీ దగ్గర?"

"ఇంట్ల, పెట్టెల ఉన్నది."

"మీ హఫీజ్‌పేట్ రైలు స్టేషను దగ్గర ఒక డాక్టరమ్మ ఉందట. స్కానింగు చూడనిదే మాట చెప్పదని నేను పనిచేసే ఆఫీసులో అంటారు. నాలుగింటికి కూర్చుంటుంది. దారిలో ఆ కాగితం తీసుకుందాం, పద."

ఆ పుటను ప్రింటు తీసి వాసంతి చేతికిచ్చి, నేనూ లేచాను.

"మీరు వద్దండీ," అంది. కోపంగా కాదు. "డాక్టరమ్మ అరగంట చెబితే మీరు రెండు ముక్కలు చేస్తారు."

"ఇంక సగం గచ్చు ఉన్నదమ్మా," అంది ఈరమ్మ గుమ్మంలో ఆగి. "సూపర్‌వైజర్ జూస్తే లొల్లి జేస్తడు."

ఇరవై ఏళ్లలో నేను ఇంత త్వరగా ఏదీ తేల్చుకోలేదు. "మీరు వెళ్లండి," అన్నాను. రోడ్డు మీద ఆటో కదిలిన చప్పుడు వినేసరికి, ప్యాంటు మడమల పైకి మడిచి, బకెట్‌లోని గుడ్డను పిండుతున్నాను.