బూరకూ కోనుకూ పొత్తు

స్పీకర్ల మేస్త్రి పెట్టె వెనక మోకాళ్ల మీద కూర్చుని, బూర నాబ్‌ను ఇంకాస్త పెంచాడు. నడుము పట్టేసింది. కింద పేపరు కోను, పైన ఇనప బూర. గొంతులో నిండుతనం కోనుది, పదును బూరది. బూర పుట్టు గయ్యాళి. దాన్ని అణిచి కోనుతో కాపురం చేయించడమే ఈ పనంతా. విసుగొచ్చేదాకా అదే చేశాడు.

అతను శబ్దాన్ని కొలిచే మీటర్లు నమ్మడు. పెళ్లయిన కొత్తలో భార్య మాటలు టేపు చేశాడు. ఆ టేపు పెట్టినప్పుడు అప్పటి గొంతు అచ్చంగా పలికితే పెట్టె కుదిరినట్టే. ఆవిడ ఎదురుగా కుర్చీలో కూర్చుని సరేననాలి.

"ఎలా ఉంది?"

"బాగుంది," అందావిడ అతని ముఖం చూసి.

అయినా ఈ ఏడాది ఇచ్చిన పెట్టెలన్నీ తిరిగొచ్చాయి. ఇదీ కుదరకపోతే షాపు మూసేస్తానని పొద్దున్నే ఒట్టేశాడు.

పెట్టె చేయించుకున్న పళ్ల డాక్టరు వచ్చాడు. పాట పెట్టగానే ముఖం చిట్లించి వెనక్కి జరిగాడు.

"మేస్త్రీ, ఏమనుకోకండి. చెవుల్లో సూదులు గుచ్చుతున్నట్టుంది. నా దగ్గరికొచ్చే వాళ్లు కూడా ఇంత బాధపడరు."

సాయంత్రం మళ్లీ వస్తానని వెళ్లిపోయాడు. పాపం, మంచివాడు.

మేస్త్రి పాట ఆపాడు. "ఏమేవ్, నీకూ అలాగే ఉందా?"

ఆవిడ పలకలేదు. మళ్లీ పిలిచినా గోడకేసే చూస్తోంది. దగ్గరికెళ్లి చూస్తే, జుట్టు కింద రెండు చెవుల్లోనూ దూది!

భుజం తట్టి, చెవులు చూపించాడు. ఆవిడ దూది తీసి కుర్చీ చేతి మీద పెట్టింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"మీరు బూర పెంచుతూ పోతున్నప్పట్నుంచీ. మొదటిసారి తల దిమ్మెక్కిపోయింది. మీ ముఖం చూసి, బాగాలేదనడానికి నోరు రాలేదండీ."

అతనికి కోపం రాలేదు. సిగ్గేసింది. "నువ్వే తిప్పు," అన్నాడు.

ఆవిడ టేపు పెట్టి, నాబ్ తగ్గిస్తూ తగ్గిస్తూ ఒకచోట ఆపింది. దుప్పట్లోంచి ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించింది అతనికి.

"ఇదా ఆ గొంతు?"

"ఇదే."

"వయసు మీద పడి నువ్వు నెమ్మదించావనుకున్నానే!"

"నేనా? నిన్న నేనరిచిన అరుపులకి పక్కింటివాళ్లు కిటికీ వేసేసుకున్నారు!"

ఇద్దరూ నవ్వారు. అతని నవ్వు ముందు ఆగింది. నెమ్మదించింది ఆవిడ కాదు, తన చెవులు. ఆ కొత్త పెళ్లికూతురి గొంతు ఇక ఏ బూరలోంచీ తనకు వినపడదు. ఏడుపొచ్చింది.

సాయంత్రం డాక్టరు విని, "అబ్బ, ప్రాణం లేచొచ్చింది!" అంటూ పెట్టె ఆటోలో ఎక్కించుకుపోయాడు.

"కుదిరిందిగా! రేపట్నుంచి నేను వింటా, మీరు తిప్పండి," అందావిడ.

"వద్దులే. నాకు వినపడని పని నాకెందుకు? అలిసిపోయానే."

షట్టరు దించి తాళం వేశాడు. లోపల కుర్చీ చేతి మీద రెండు దూది ఉండలు, ఆవిడ చెవుల ఆకారంలోనే ఉండిపోయాయి.