నీడలో పాడే పెట్టె

మూడు స్వరాలు మోగాయి.

నాలుగోది రాలిపోయింది.

పొద్దుటి ఎండ కిటికీలోంచి వచ్చి బల్ల మీద పడుకుంది. ఆ ఎండలో అక్క కూర్చుని ఉంది, ఒళ్లో గిటారు.

మళ్లీ మీటింది. మూడు మోగాయి. నాలుగోది మీటేది కాదు — ఎడమచేతి చిటికెన వేలు తీగ మీద టక్కున వాలితే పలికేది. సైకిలు మీంచి పడి మణికట్టు విరిగాక ఆ వేలికి ఆ టక్కు పోయింది. కట్టు విప్పారు. ఎముక అతుక్కుంది. వేలు మాత్రం అలిగిన చుట్టంలా ఎంత పిలిచినా పలకడం లేదు.

“ఆదివారం హాల్లో కచేరీకి వాయిస్తానని మా బ్యాండువాళ్లకి మాటిచ్చాను” అంది అక్క. “అప్పటికి ఇది పలికిందా, సరేసరి. లేదంటే గిటారు ఎవరికైనా ఇచ్చేస్తానురా. గోడకి తగిలించి చూస్తూ కూర్చోవడం నావల్ల కాదు.”

తమ్ముడు చేతిలోని స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టేశాడు.

అతనికి గిటారు రాదు. రేడియోలు, స్పీకర్లు బాగుచేస్తాడు. కానీ ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ గిటారు వింటూ అన్నం తిన్నాడు, ఆ గిటారు వింటూ నిద్రపోయాడు. అది లేని ఇల్లు ఎలా ఉంటుందో తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

“నీకు కంప్రెసర్ చేసిపెడతాను” అన్నాడు.

అనేశాక తనకే ఆశ్చర్యం. ఎందుకంటే కంప్రెసర్ అంటే అతనికి అస్సలు పడదు. గిటారుకీ స్పీకరుకీ మధ్య కూర్చుని, పెద్ద మోతను అణిచి, చిన్న మోతను ఎత్తే డబ్బా అది. దానికి ‘గొంతు నొక్కే పెట్టె’ అని పేరు పెట్టింది తనే. పాటలో కొండా ఉండాలి, లోయా ఉండాలి, రోడ్డు రోలరెందుకండీ అని దుకాణానికొచ్చిన ప్రతివాడితో వాదించేవాడు. అతను పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్లు.

అక్కకీ నచ్చలేదు.

“ఆడలేక మద్దెల ఓడంటారు. నేను ఆ మాట కూడా అనలేదు కదరా! తప్పు నా వేలిదే. దాన్ని దాచడానికి పెట్టెలెందుకు?”

తమ్ముడు అతుకులేసే సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గులో పెట్టాడు.

వేడెక్కింది. సీసం కరిగింది. సన్నటి పొగ ఎండలోకి లేచి, మెలికలు తిరిగి, కరిగిపోయింది.

బోర్డు మధ్యలో రెండే రెండు ముఖ్యమైనవి. ఒక చిట్టి దీపం. దానికెదురుగా వెలుగును పసిగట్టే ఒక బిళ్ల.

తీగను గట్టిగా మీటితే దీపం భగ్గుమంటుంది. బిళ్ల ఆ వెలుగు చూసి మోతను పట్టి ఆపుతుంది. తీగ అలసిపోతున్నకొద్దీ దీపం తగ్గుతుంది... పట్టు సడలుతుంది... మిగిలిన కాస్త మోత మెల్లగా పైకి వస్తుంది.

అంతే. దీపం చెబుతుంది, బిళ్ల వింటుంది.

ఎవరు కనిపెట్టారోగానీ, మహానుభావుడు! గొంతు నొక్కడం అనుకున్నాడు ఇన్నాళ్లూ. ఇది చెయ్యి పట్టుకుని నడిపించడం. ఎక్కడ పట్టుకోవాలో తెలిసిన చెయ్యి — అంతకంటే ముఖ్యంగా, ఎక్కడ వదలాలో తెలిసిన చెయ్యి.

వైర్లన్నీ అతికించాడు. బ్యాటరీ పెట్టాడు. గిటారునీ స్పీకరునీ దానికి తగిలించి మీటాడు.

కుయ్.

దోమ కూడా అంతకంటే గట్టిగా అరుస్తుంది.

అతుకులు చూశాడు. బ్యాటరీ మార్చాడు. ఎందుకో ఒక్కసారి మోత పొంగింది... మళ్లీ పడిపోయింది. అప్పుడే కిటికీ బయట ఒక మబ్బు దాటిపోయింది. ఎవరు చూశారు? అతని తల బోర్డులో ఉంది. ఎంత పాడైన రేడియోనైనా వాసన చూసి తప్పు చెప్పగలనని గొప్పలు పోయేవాడికి, తన చేతిపనిలో తప్పేంటో అంతుపట్టలేదు. ఏడుపొక్కటే తక్కువ. బోర్డును కాదు, అక్క గిటారును పోగొట్టుకుంటున్నట్టే ఉంది.

మళ్లీ మీటాడు. కుయ్.

అప్పుడు అక్క టీ తెచ్చింది. బల్ల మీదికి వంగింది.

గిటారు ఒక్కసారిగా గొంతెత్తింది.

అక్క ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. మోత చచ్చిపోయింది.

“అక్కా, వంగు!”

వంగింది. లేచింది మోత.

“జరుగు!”

జరిగింది. పడిపోయింది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“నా నీడ పడితే పాడుతోందేంట్రా ఇది!”

నెత్తి కొట్టుకున్నాడు. మూత వేయకుండా, దీపాన్నీ బిళ్లనీ కలిపి కప్పే నల్ల గొట్టం తొడగకుండా, నిండు ఎండలో పెట్టి మీటుతున్నాడు. పాపం, ఆ బిళ్ల ఏం చేస్తుంది? సూర్యుడినే చిట్టి దీపం అనుకుంది. ఎవరో గొంతు చించుకుని అరుస్తున్నారనుకుని, గిటారు నోరు మూసేసింది.

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. టీ ఒలికింది.

నవ్వుతూనే అక్క బోర్డు మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. ఎడమచెయ్యి. ఆ చిటికెన వేలు కిటికీ వైపే ఉంది, చివరి సందులోంచి వచ్చే వెలుగును అదే ఆపింది. తమ్ముడు తీగ మీటాడు. ఆ చేతి నీడలో గిటారు నిండుగా, ఎంతకీ తరగకుండా మోగింది.

తమ్ముడు ఆ చేతిని మెల్లగా పక్కకు జరిపాడు.

నల్ల గొట్టం తొడిగాడు. మూత బిగించాడు. గిటారు అక్క ఒళ్లో పెట్టాడు.

అక్క మీటబోయి ఆగింది. అప్పటికే ఏవో వినిపిస్తున్నాయి. తీగ మీద వేలు జరిగిన సవ్వడి. చొక్కా గుండీ చెక్కకు తగిలిన టిక్కు.

“ఓరి దీని ఇల్లు బంగారంగానూ! ఇదేమీ దాచడం లేదురా. ఉన్నవన్నీ బయటపెడుతోంది.”

మీటింది.

మూడు మోగాయి.

నాలుగోది — వచ్చింది. మూడింటి వెనకే, కాస్త వణుకుతూ. వచ్చి, నిలబడింది.

అక్క కదల్లేదు. అది పూర్తిగా ఆరిపోయేదాకా కదల్లేదు. తర్వాత వంగి పెట్టె స్విచ్ ఆపేసింది. తమ్ముడికి గుబులు పుట్టింది. నచ్చలేదేమో.

పెట్టె లేకుండా అదే వాయించింది. ఈసారి చెవి గిటారు చెక్కకు ఆనించి, కళ్లు మూసుకుని విన్నది. తలెత్తేసరికి కళ్లు తడి.

“ఉందిరా” అంది. “ఇప్పుడొచ్చింది కాదు. ఇన్నాళ్లూ ఉంది. నాకే వినపడలేదు.”

ఆదివారం సంగతి అక్క ఎత్తలేదు. తమ్ముడూ అడగలేదు. చల్లారిన టీ అందుకుని, కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాడు.

బల్ల మీది ఎండ మెల్లగా నేల మీదికి దిగింది. అక్క మళ్లీ పెట్టె స్విచ్ నొక్కి మీటింది. మూత వేసిన పెట్టెలో, ఎవరికీ కనపడకుండా, చిట్టి దీపం వెలుగుతోంది, తగ్గుతోంది.

అక్క ఇంకోసారి మీటింది.

మూడు స్వరాలు మోగాయి.

నాలుగోది...